ఓఎస్ ఎక్కకపోతే హార్డ్ డిస్క్ పోయినట్టేనా? ఇన్‌స్టలేషన్ ఆగిన చోటు చెప్పే సంగతులు

తిరుపతి కొర్లగుంటలో మా వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు. చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి ఏ బంధువుకు 300 రూపాయల దర్శనం టికెట్ కావాలన్నా ఆయన ఇంటికే ఫోన్ వస్తుంది. ఆయన డెస్క్‌టాప్ ముందు కూర్చుని బుక్ చేసి పెడతారు. 2019లో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ అది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయని తెలిశాక, విండోస్ 11 వేయించాలనుకున్నారు. మొదట వచ్చిన అబ్బాయి పెన్‌డ్రైవ్ పెట్టి అరగంట చూసి, "బోర్డు సపోర్ట్ చేయదు సార్, కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్నాడు. తర్వాత వచ్చినతను, "హార్డ్ డిస్క్ పోయింది సామీ" అని తేల్చేశాడు. మాస్టారు నన్ను పిలిపించి, "వీళ్లిద్దర్లో ఎవరు కరెక్ట్ నాయనా?" అని అడిగారు.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. "ఇన్‌స్టలేషన్ ఫెయిలైంది" అనేది జ్వరం లాంటి మాట. జ్వరం ఉందని చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. అది తెలియాలంటే, ఓఎస్, అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, వేసేటప్పుడు లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

పవర్ బటన్ నుంచి డెస్క్‌టాప్ దాకా

బటన్ నొక్కగానే మేలుకునేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రామ్ ముందు లేస్తుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు, మనమంతా అలవాటుగా బయోస్ అంటాం. అది ర్యామ్‌నూ కీబోర్డునూ డిస్కులనూ పలకరించి, "ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" అని తన జాబితా చూసుకుంటుంది. జాబితాలో పెన్‌డ్రైవ్ ముందుంటే అందులోని ఒక బుల్లి విండోస్‌ను ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. మనం చూసే సెటప్ తెర అదే. సెటప్ మనల్ని డిస్కు అడుగుతుంది. చెప్పాక, పెన్‌డ్రైవ్‌లో నొక్కిపెట్టి ఉన్న ఒక పెద్ద ఫైలును విప్పుతూ డిస్కులోకి రాస్తుంది. తర్వాత రీస్టార్ట్. అక్కడి నుంచి డిస్కు సొంతంగా నడవాలి, డ్రైవర్లు (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్‌లు) కుదురుకోవాలి, చివరగా యూజర్ అకౌంట్ తయారవ్వాలి.

ఇలా పని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ పోతుంది. అందుకే ఎక్కడ ఆగింది అన్నదే అన్నిటికంటే విలువైన ఆధారం. సెటప్ తెర రాకముందే ఆగితే పెన్‌డ్రైవ్‌నో బయోస్ సెట్టింగ్‌నో అనుమానించాలి. డిస్కు ఎంచుకునే చోట ఆగితే డిస్కు పట్టికనో దాని డ్రైవర్‌నో చూడాలి. కాపీ మధ్యలో ఆగితే చదివే చోటో రాసే చోటో తేడా ఉంది. "ఫెయిలైంది" అని ఫోన్‌లో చెప్పేవాళ్లు ఆ తెరను ఒక ఫోటో తీసి పంపితే సగం పని అయిపోతుంది.

కొండకు రెండు దారులున్నట్టు, బూట్‌కు రెండు దారులు

మాస్టారి ఇంటికి వచ్చిన రెండో అతను చూసిన మెసేజ్‌ను నేనూ చూశాను. డిస్కు ఎంచుకునే తెరలో, కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఈ డిస్కు మీద విండోస్ వేయడం కుదరదు, ఇందులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఈఎఫ్ఐ సిస్టమ్‌లో జీపీటీ డిస్కు మీదే వేయగలం అని దాని అర్థం. మొదటి ముక్క చదివి ఆగిపోతే డిస్కు చచ్చిపోయినట్టే అనిపిస్తుంది. అసలు సంగతంతా రెండో ముక్కలో ఉంది.

డిస్కును పార్టిషన్లుగా, అంటే ముక్కలుగా, విడదీసి ఆ వివరాలు రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్, 1983లో డాస్ 2.0తో వచ్చింది. డిస్కులో మొట్టమొదటి సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు. ఒక్కో పార్టిషన్ వివరం రాయడానికి 16 బైట్లు కావాలి. 64ను 16తో భాగిస్తే నాలుగు. అందుకే ఎంబీఆర్ డిస్కులో ప్రధాన పార్టిషన్లు నాలుగుకు మించవు. సెక్టార్ల లెక్క రాసుకోవడానికి ఉన్న చోటు కూడా 32 బిట్లే. 512 బైట్ల సెక్టార్లతో అది 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. జీపీటీ ఈ ఇరుకును తీసేసిన కొత్త పట్టిక, విండోస్ అందులో 128 పార్టిషన్ల దాకా ఒప్పుకుంటుంది.

ఈ రెండు పట్టికలకు రెండు దారులు జతగా ఉన్నాయి. ఎంబీఆర్‌కు లెగసీ, అంటే పాత తరహా బయోస్, జీపీటీకి దాని స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ (మెసేజ్‌లో ఈఎఫ్ఐ అన్నది ఇదే). తిరుమలకు అలిపిరి నుంచి మెట్లెక్కినా శ్రీవారి మెట్టు నుంచి ఎక్కినా చేరేది కొండకే. కానీ ఒక దారిలో బయల్దేరినవాడు నడుమ రెండో దారికి మారలేడు. ఇక్కడా అంతే. పెన్‌డ్రైవ్ ఏ దారిలో బూట్ అయిందో, విండోస్ డిస్కులోకి కూడా ఆ దారిలోనే ఎక్కుతుంది. చాలా బోర్డుల బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకటి మామూలుగా, ఇంకొకటి ముందు యూఈఎఫ్ఐ అన్న మాటతో. ఈ రెండు లైన్లలో దేని మీద ఎంటర్ కొట్టాం అన్నదానిమీదే తర్వాతి కథంతా ఆధారపడుతుంది. జీపీటీ డిస్కు ఉండి లెగసీ లైన్ ఎంచుకుంటే ఇదే మెసేజ్ తిరగేసి వస్తుంది.

ఇక దీన్ని సరిచేసే పద్ధతి మీద రెండు అభిప్రాయాలున్నాయి. సర్వీస్ కుర్రాళ్లు ఎక్కువమంది పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టేసి కొత్తగా మొదలుపెట్టమంటారు. నిమిషంలో అయిపోతుంది, డిస్కూ శుభ్రంగా ఉంటుంది. రెండో వర్గం, విండోస్‌లోనే ఎంబీఆర్‌టుజీపీటీ అనే టూల్ ఉందిగా, డేటా పోకుండా పట్టిక మారుతుంది కదా అంటుంది. 2017 నాటి విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ టూల్ ఉన్న మాట నిజమే. అయితే దానికి షరతులున్నాయి. ప్రధాన పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు ఉండకూడదు. మన ఇళ్లలో సిస్టమ్ కొన్నరోజే సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేయించుకోవడం ఆనవాయితీ. విండోస్ తనకోసం పెట్టుకునే చిన్న పార్టిషన్‌తో కలిపితే ఇవి నాలుగు దాటతాయి, కాబట్టి నాలుగో అరను ఎక్స్‌టెండెడ్‌గా మార్చి దాని లోపల లాజికల్ డ్రైవ్‌లు చేస్తేనే అన్ని ముక్కలు పడతాయి. మాస్టారి డిస్కూ అలాంటిదే. పరీక్ష దశలోనే టూల్ కుదరదు అని చెప్పేసింది.

డిలీట్ కొట్టే దారిలో ప్రమాదం ఎక్కడుందో కూడా దగ్గర నుంచి చూడాలి. సెటప్ తెరలో సీ, డీ అన్న అక్షరాలు ఉండవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, డ్రైవ్ 0 పార్టిషన్ 2 అని వరుసగా ఉండి పక్కన సైజులు ఉంటాయి. ఆ సైజులు కూడా డబ్బా మీద రాసినట్టు ఉండవు. 1 టీబీ డిస్కు అంటే లక్ష కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 1 జీబీ అంటే 107,37,41,824 బైట్లు. భాగిస్తే 931. కాబట్టి 931 అని కనిపించేదే 1 టీబీ డిస్కు, 238 అని కనిపించేది 256 జీబీ ఎస్ఎస్‌డీ, 14.9 అని కనిపించేది 16 జీబీ పెన్‌డ్రైవ్. మాస్టారి డిస్కులో అమ్మాయి పెళ్లి ఫోటోలు, నలభై ఏళ్ల పద్యాల నోట్సు ఉన్నాయి. అవన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ అయి, తెరిచి చూసుకున్నాకే డిలీట్ బటన్ దగ్గరికి వెళ్లాం.

"ఈ పీసీలో విండోస్ 11 నడవదు" అన్న మాట ఎప్పుడు నిజం

మొదటి అబ్బాయి చూసిన మెసేజ్ ఇది. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్‌కు వీలు, టీపీఎం 2.0, జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో కొద్దిపాటి మినహాయింపులు తప్ప 8వ తరం నుంచి పైవి ఆ జాబితాలో ఉన్నాయి. సెక్యూర్ బూట్ అంటే సంతకం సరిచూసిన బూట్ ఫైళ్లనే నడవనివ్వడం. టీపీఎం అంటే రహస్య తాళాలు దాచే చిన్న పెట్టె.

మాస్టారిది 9వ తరం ఐ3, అది జాబితాలో ఉంది. ప్రాసెసర్ ఈ తరానిదైతే టీపీఎం విడి చిప్పుగా ఉండాల్సిన పనిలేదు. ఇంటెల్ దాన్ని పీటీటీ అన్న పేరుతో ఫర్మ్‌వేర్‌లోనే ఇస్తుంది, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అంటారు. అప్పటి అసెంబుల్డ్ బోర్డుల్లో చాలావాటికి ఇది ఆఫ్‌లో వచ్చేది. ఆఫ్‌లో ఉన్నదాన్ని సెటప్ లేనట్టే లెక్కేస్తుంది. కాబట్టి "సపోర్ట్ చేయదు" అన్నది ఇక్కడ బయోస్‌లో ఒక్క సెట్టింగ్ మాట. కొత్త సిస్టమ్ కొనే ఖర్చుకూ ఆ సెట్టింగ్‌కూ మధ్య ఎంత దూరమో ఆలోచిస్తే నాకు బాధగానే ఉంటుంది.

4వ తరమో 5వ తరమో అయితే మెసేజ్ నిజమే చెబుతోంది. అక్కడ వాదన మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ వాదన ఏమిటంటే, తాళాలు హార్డ్‌వేర్‌లో ఉంటేనే డిస్కు ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు డేటా చదవలేకుండా చేయడం), లాగిన్ రక్షణ గట్టిగా ఉంటాయి, అర్హత లేని మెషీన్‌లో బలవంతంగా వేసుకుంటే అప్‌డేట్లకు హామీ లేదు. అవతలి పక్షం, బాగా నడుస్తున్న సిస్టమ్‌ను ఒక్క షరతు కోసం చెత్తలో పడేయడం ఏమిటంటుంది. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మార్పుతోనో, తనిఖీని దాటించేలా తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తోనో చాలామంది వేసుకున్నారు, రోజువారీ పనికి బాగానే నడుస్తోంది కూడా. రెండు వైపులా నిజముంది. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ అలాంటి మెషీన్లకు దానంతట అది రాకపోవచ్చు, ప్రతిసారీ మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకోవాలి. ఒక గోడను మాత్రం ఏ ఉపాయమూ దాటించలేదు. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉండి తీరాలి. కోర్ 2 డుయోలో అది లేదు, కాబట్టి ఆ కాలం సిస్టమ్‌లో బూటే అవ్వదు.

విండోస్ 10లోనే ఉండిపోయేవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 30 డాలర్లకు సమానమైన మొత్తం కట్టినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు సింక్ చేసుకున్నా అందులో చేరవచ్చన్నది. బ్రౌజర్, మెయిలు, టికెట్ల బుకింగ్ వరకే పని అయితే లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి టీపీఎం అడగవు.

ఎర్రర్ కోడ్‌ను విడదీసి చదివితే

సెట్టింగులు సరిచేసి, డిస్కును జీపీటీకి మార్చి, మాస్టారి సిస్టమ్‌లో సెటప్ మళ్లీ మొదలుపెట్టాం. 37 శాతం దగ్గర ఆగింది. 0ఎక్స్80070570 అని వచ్చింది. ఆయనకు టెన్షన్ మొదలైంది. "చూశావా, డిస్కు పోయిందనే కదా ఆ పిల్లోడు అన్నాడు."

ఈ కోడ్ పదహారు మూలంగా ఉన్న లెక్కలో రాసింది. 8007తో మొదలైతే అది విండోస్ మామూలు ఎర్రర్ల జాబితాలోది, అసలు నంబరు చివరి నాలుగు స్థానాల్లో ఉంటుంది. ఇక్కడ 0570. ఐదును 256తో, ఏడును 16తో గుణించి కూడితే 1280, 112 కలిపి 1392. ఆ జాబితాలో 1392 అంటే ఫైలో ఫోల్డరో పాడై చదవడానికి రావట్లేదని. అలాగే 0ఎక్స్80070070 వస్తే చివర 70, అంటే 112. డిస్కులో చోటు చాల్లేదని దాని అర్థం.

ఫైలు పాడైందని కోడ్ చెప్పింది. ఎక్కడ పాడైందో చెప్పలేదు. డౌన్‌లోడ్‌లో పాడైందా, పెన్‌డ్రైవ్‌లోనా, ర్యామ్‌లో విప్పేటప్పుడా, డిస్కులో రాసేటప్పుడా? దీన్ని తేల్చడానికి ఒక తేలిక దారి ఉంది. మళ్లీ నడిపి చూడటం. ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగితే ఎక్కువగా సోర్స్ ఫైల్లోనే తేడా ఉంటుంది. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే ర్యామ్, కేబుల్, డిస్కు వైపు చూడాలి. ఐఎస్ఓ ఫైలుకు, అంటే మనం డౌన్‌లోడ్ చేసుకునే విండోస్ ఫైలుకు, కంపెనీ ఇచ్చే ఎస్‌హెచ్ఏ-256 సంఖ్య ఉంటుంది, 64 అక్షరాల పొడవు. మన దగ్గరున్న ఫైలుకు అదే సంఖ్య వస్తే డౌన్‌లోడ్ నిర్దోషి.

మాస్టారి దగ్గర రెండోసారి 61 దగ్గర ఆగింది, మూడోసారి 44. ఎస్‌హెచ్ఏ సంఖ్య సరిపోయింది, పెన్‌డ్రైవ్ మార్చినా అదే తీరు. క్యాబినెట్ తెరిస్తే ర్యామ్ స్లాట్ల మీద దుమ్ము దూదిలా పేరుకుంది. రెండు 4 జీబీ స్టిక్కుల్లో ఒకటి తీసేసి ఒక్కదానితో నడిపితే సెటప్ ఆగకుండా పూర్తయింది. తీసిన స్టిక్కు బంగారు రంగు అంచును మనవడి రబ్బరుతో మెల్లగా రుద్దితే రబ్బరు నల్లబడింది. దాన్ని మళ్లీ పెట్టి రాత్రంతా మెమరీ టెస్టు నడిపాం, ఒక్క తప్పూ రాలేదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే చెప్పే స్మార్ట్ రిపోర్టు కూడా బాగానే ఉంది.

అప్‌గ్రేడ్ వెనక్కి వచ్చేసినప్పుడు

పెన్‌డ్రైవ్ లేకుండా పాత విండోస్ మీదనే కొత్తది వేసే పద్ధతిలో ఫెయిలయ్యే తీరు వేరు. చిత్తూరు మిట్టూరులో మా చిన్నాన్న కొడుకు ల్యాప్‌టాప్ రెండు గంటలు నడిచి, రీస్టార్ట్ అయ్యి, మార్పులు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి పాత విండోస్‌కే తిరిగొచ్చింది. 0ఎక్స్సి1900101 - 0ఎక్స్20017 అని రెండు ముక్కల కోడ్ చూపింది.

మొదటి ముక్క, అప్‌గ్రేడ్ వెనక్కి మళ్లిందని, ఎక్కువగా డ్రైవర్ వల్ల అని చెబుతుంది. రెండో ముక్కలో 0ఎక్స్ తర్వాత వచ్చే మొదటి అంకె దశ. పాత విండోస్‌లో ఉండగా జరిగేది 1, మధ్యలో బుల్లి విండోస్‌తో నడిచేది 2, కొత్త విండోస్ మొదటి బూట్ 3, రెండో బూట్ 4. వాడిది 2వ దశ. అక్కడ బూట్ చెడిందంటే మొదట అనుమానించాల్సింది డ్రైవర్లను, బయటి కంపెనీల డిస్కు ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను. ఎప్పుడో కాలేజీ ప్రాజెక్టు కోసం వేసి మరిచిపోయిన ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ దొరికింది. దాన్ని పద్ధతిగా తీసేశాక అదే అప్‌గ్రేడ్ మారు మాట్లాడకుండా అయిపోయింది.

వెనక్కి రావడాన్ని నేను ఓటమి అనుకోను. డేటా కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. అసలు చేటు మధ్యలో కరెంటు పోతే వస్తుంది. వేసవిలో మన దగ్గర ఇది ఊహ కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటాం, కానీ మామూలు మోడ్‌లో అది మారే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు, డెస్క్‌టాప్ మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉండేది అందుకే.

డిస్కే కనబడకపోతే, అయిపోయినా అవ్వనట్టుంటే

కొత్త ల్యాప్‌టాప్‌లో సెటప్ డిస్కుల జాబితా ఖాళీగా రావడం మామూలైంది. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా మోడళ్లలో ఎస్ఎస్‌డీ వీఎండీ అనే కంట్రోలర్ వెనుక ఉంటుంది. దాని డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే, బంగారంలాంటి డిస్కు కూడా సెటప్‌కు కనబడదు. డ్రైవర్ విడిగా చూపిస్తే ప్రత్యక్షమవుతుంది. పాత డెస్క్‌టాప్‌లో అయితే బోర్డు మీది 3 వోల్టుల నాణెం బ్యాటరీని చూడాలి. అది అయిపోతే బయోస్ సెట్టింగులు తొలినాటి స్థితికి పోతాయి, తేదీ తప్పుతుంది, నిన్నటిదాకా నడిచిన విండోస్ ఇవాళ దొరకదు.

ఇంకొకటి, కాపీ అంతా అయ్యి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ మొదటి సెటప్ తెరే రావడం. పెన్‌డ్రైవ్ ఇంకా జాబితాలో ముందుందని దాని అర్థం, అంతే. చివర్లో నెట్‌వర్క్ లేక ఆగిపోవడమూ ఇలాంటిదే. వైఫై డ్రైవర్ రాలేదు, సెటప్ ఇంటర్నెట్ అడుగుతోంది. యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్ నుంచి నెట్ ఇస్తే చాలాసార్లు ముందుకు పోతుంది.

చివరి తెరలో అడిగే మెయిల్ ఐడీ

ఈ తెర దగ్గర చాలామంది సర్వీస్ కుర్రాళ్లు పని తొందరలో తమ అకౌంటే కొట్టేస్తారు. మునుపు దానివల్ల నష్టం పెద్దగా ఉండేది కాదు. 24హెచ్2 నుంచి, టీపీఎం, సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా వేసుకుంటే డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయ్యే వీలుంది. తర్వాతెప్పుడో బయోస్ అప్‌డేట్ చేసినా, బూట్ సెట్టింగ్ మార్చినా, నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ దాచి ఉండేది ఎవరి అకౌంట్‌తో సెటప్ పూర్తిచేశారో వాళ్ల దగ్గరే. కీ లేకపోతే డిస్కు బాగున్నా అందులోని ఫోటోలు తిరిగి రావు.

మాస్టారు తన మెయిల్ ఐడీ తనే టైప్ చేశారు, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ. ఎక్స్‌టర్నల్ డిస్కు నుంచి పెళ్లి ఫోటోలు తిరిగి ఎక్కుతుండగా, రికవరీ కీని అకౌంట్ పేజీలో తెరిచి చూపించాను. ఆయన టీటీడీ డైరీ తెచ్చుకుని, చివరి పేజీలో ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు రాసుకున్నారు. రాశాక నన్ను చదవమని, తను తెర మీద వేలు పెట్టి ఒక్కో గుంపూ సరిచూసుకున్నారు.